విశాఖ నుంచి ప్రోగ్రెసివ్ హౌస్: పైకి వస్తున్న ఒక డీజే గురించి

మా అక్క కొడుకు డీజే, క్లబ్బుల్లో నాట్యం కోసం వాయించే ప్రోగ్రెసివ్ హౌస్ అనే ఎలక్ట్రానిక్ సంగీతం చేస్తాడు. అతను చేసిన సంగీతాన్ని విశాఖపట్నంలో కంటే అర్జెంటీనాలో ఎక్కువమంది విన్నారు. పగలు రుషికొండ మీద ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం, రాత్రి ఎంవీపీ కాలనీలో ఇంటి వెనక గదిలో సంగీతం, ఇదీ కొన్నేళ్లుగా అతని దినచర్య. విదేశాల్లోని చిన్న చిన్న లేబుళ్లు, అంటే సంగీతం విడుదల చేసే సంస్థలు, అతని ట్రాకులను విడుదల చేశాయి. హైదరాబాదు, బెంగళూరు క్లబ్బుల నుంచి అడపాదడపా పిలుపులు వస్తున్నాయి. ఈ రంగంలో పైకి వస్తున్నవాడని చెప్పుకోదగిన దశకు చేరుకున్నాడన్నమాట. అయినా మా బంధువుల్లో సగం మందికి అతను ఏం చేస్తాడో ఇప్పటికీ తెలియదు. తెలిసిన సగం మంది, పెళ్లి ఊరేగింపుకు స్పీకర్ల బండి ఎంతలో వస్తుందో కనుక్కోమని అడుగుతారు.

ఒకప్పుడు డాబాగార్డెన్స్‌లో క్యాసెట్ల దుకాణం నడిపినవాణ్ణి కాబట్టి నాకు పాటల పిచ్చి ఉంది, ఇంట్లోవాడు కాబట్టి అతని ఎదుగుదలను దగ్గర నుంచి చూసే వీలూ ఉంది. చూసినకొద్దీ నాకు ఒక సంగతి స్పష్టమవుతోంది. మన ఊళ్లో ఉంటూ ఈ వృత్తిలో నిలదొక్కుకోవాలనుకునేవాడికి పరికరాల కొరత, డబ్బు కొరత ఎలాగోలా తీరుతాయి. తీరనిది మరొకటి ఉంది. నాలుగైదు గంటలపాటు ఎవరూ అడ్డు తగలకుండా వాయించి, ఎదురుగా నిలబడిన మనుషులను చూస్తూ నేర్చుకునే చోటు ఇక్కడ లేదు.

అది ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ముందు ఈ సంగీతం నడక తెలియాలి. హౌస్ సంగీతం షికాగోలో పుట్టింది. 1977లో మొదలైన వేర్‌హౌస్ అనే క్లబ్బు, అక్కడ వాయించిన ఫ్రాంకీ నకల్స్ దానికి మూలం. అది ఇంగ్లండుకు చేరాక, 1990ల ఆరంభంలో, అక్కడి డీజేలు కొందరు దాన్ని సాగదీసి, పొరలు పొరలుగా పేర్చి, రాత్రంతా ఒకే కథలా నడిపే పద్ధతిని పట్టుకున్నారు. 1992లో మాన్స్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో మొదలైన రినైసన్స్ క్లబ్బు, 1994లో దాని పేరుతో సాషా, జాన్ డిగ్వీడ్ అనే డీజేలు కలిసి, ట్రాకులను ఒకదానిలోకి ఒకటి కలుపుతూ వెలువరించిన మూడు డిస్కుల మిక్స్ ఈ శైలికి గట్టి పునాది వేశాయి. ఆ పద్ధతికే ప్రోగ్రెసివ్ హౌస్ అన్న పేరు స్థిరపడింది.

లెక్కల్లో చెప్పాలంటే ఇందులో వేగం సాధారణంగా నిమిషానికి 120 నుంచి 126 దరువుల మధ్య ఉంటుంది. నాలుగు దరువులు ఒక బార్. మార్పులు ఎనిమిది, పదహారు, ముప్పై రెండు బార్ల కొలతలో వస్తాయి. నిమిషానికి 122 దరువుల దగ్గర ముప్పై రెండు బార్లు గడవడానికి దాదాపు 63 సెకన్లు పడుతుంది. సినిమా పాటలో ఆ వ్యవధికి పల్లవి అయిపోయి చరణంలోకి వెళ్లిపోతాం. ఇక్కడ అంతసేపటికి ఒక తాళపు శబ్దం అదనంగా చేరుతుంది, లేదా అంతవరకు ముసుగులో ఉన్న ఒక స్వరం కాస్త తేటపడుతుంది, అంతే. ఒక్కో ట్రాక్ ఏడెనిమిది నిమిషాలు సాగుతుంది. డెడ్‌మౌస్ అనే డీజే 2009లో చేసిన ప్రసిద్ధమైన ట్రాక్ అయితే పది నిమిషాలు దాటుతుంది. మొదటి నిమిషం, చివరి నిమిషం దాదాపు దరువులతోనే నడుస్తాయి, ఎందుకంటే ముందు ట్రాక్‌లోంచి దీనిలోకి, దీనిలోంచి తర్వాతిదానిలోకి డీజే జారుకోవడానికి అక్కడ చోటు ఉండాలి. అంటే ట్రాక్ విడిగా సగం వస్తువే, దాన్ని మరొకదానితో కలిపినప్పుడే పూర్తవుతుంది. ఈ విషయం తెలియకుండా హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్క ట్రాక్ విని, "ఇందులో ఏమీ జరగదేమిటి" అని అడిగేవాళ్లను నేను తప్పుపట్టను.

అరకులో థింసా చూసినవాళ్లకు ఈ నడక కొత్తగా ఉండదు. డప్పు, తుడుము, మోరి నిదానంగా అందుకుంటాయి, ఆడవాళ్లు ఒకరి వీపు వెనకగా ఒకరు చేతులు కలుపుకుని చిన్న చిన్న అడుగులతో మొదలుపెడతారు, వలయం ఎప్పుడు ఊపందుకుందో చూసేవాడికి సరిగ్గా తెలియదు, తెలిసేసరికి అతని కాలు కూడా కదులుతూ ఉంటుంది.

ఇక్కడ ఒక గందరగోళం కూడా ఉంది. 2010 తర్వాత పెద్ద పెద్ద ఉత్సవాల వేదికల మీద, స్వీడిష్ హౌస్ మాఫియా వంటి బృందాల ప్రభంజనంలో, పాడుకునే పాటలు, నిమిషానికొక విస్ఫోటం ఉన్న సంగీతాన్ని కూడా ఇదే పేరుతో అమ్మారు. మా వాడి దారి అది కాదు. అతనిది బ్యూనస్ ఐరెస్‌కు చెందిన హెర్నాన్ కటానియో, ఇజ్రాయెల్‌కు చెందిన గై జె వంటి డీజేల బాట. అర్జెంటీనాలో ఈ సంగీతానికి ఉన్న ఆదరణ మరెక్కడా కనిపించదు. 2018లో కటానియో బ్యూనస్ ఐరెస్‌లోని తియాత్రో కొలోన్ అనే సుప్రసిద్ధమైన ఒపేరా భవనంలో ఆర్కెస్ట్రాతో కలిసి కచేరీలు చేశాడంటే అక్కడ దీనికి ఎంత గౌరవం ఉందో ఊహించుకోవచ్చు. మా వాడి శ్రోతలు అక్కడ ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే తప్ప అతని ప్రత్యేకత ఏమీ లేదు.

మన దేశానికి ఎలక్ట్రానిక్ నాట్య సంగీతం 2007 డిసెంబరులో గోవాలోని కాండోలిమ్ తీరాన సన్‌బర్న్ ఉత్సవంతో వచ్చిందని చాలామంది అనుకుంటారు. అంతకు పాతికేళ్ల ముందే, 1982లో, బొంబాయి సినీ వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ జపాన్ కంపెనీ రోలాండ్ తయారుచేసిన మూడు యంత్రాలు ముందు పెట్టుకుని, పది రాగాలను డిస్కో దరువు మీద వాయించి రికార్డు వేశాడు. హౌస్‌లోనే ఒక శాఖ అయిన ఆసిడ్ హౌస్ షికాగోలో పుట్టడానికి ఐదేళ్ల ముందు, అలాంటి యంత్రాలతోనే, దాదాపు అదే నాదం. అప్పట్లో దాన్ని కొన్నవాళ్లు లేరు. నా దుకాణం అరల్లోకి అది ఎన్నడూ రాలేదు. 2010లో విదేశీ లేబుల్ ఒకటి దాన్ని మళ్లీ విడుదల చేశాకే ప్రపంచం ముక్కున వేలేసుకుంది. మా వాడు ఆ రికార్డు గురించి చెప్పినప్పుడు నాకు కలిగిన చిన్నతనం అంతా ఇంతా కాదు.

ఇక అతని గది. కిటికీకి, తలుపు వెనక్కి పాత బొంతలు వేలాడుతుంటాయి. మూలల్లో కొబ్బరిపీచు పరుపు ముక్కలు నిలబెట్టి ఉంటాయి. ఒక కంప్యూటర్, అందులో సంగీతం కూర్చే ఏబుల్టన్ లైవ్ అనే సాఫ్ట్‌వేర్, రెండు స్పీకర్లు, రెండు స్థాయిల చిన్న కీబోర్డు, ఒక హెడ్‌ఫోన్. సముద్రపు ఉప్పుగాలికి వైర్ల జాక్‌లు తుప్పుపట్టి గరగరమంటాయి కాబట్టి వాటిని తుడవడానికి స్పిరిట్ సీసా, దూది ఎప్పుడూ పక్కనే ఉంటాయి. మే నెలలో కూడా ఫ్యాను ఆపేస్తాడు. ఫ్యాను రొద కింది స్వరాలను కప్పేస్తుందట.

ఒక రాత్రి అతను పని చేస్తుండగా పక్కన కూర్చున్నాను. పదహారు బార్ల ముక్క ఒకటి, అంటే అరనిమిషానికి కాస్త ఎక్కువ. అందులో ఒక సింథ్ (ఎలక్ట్రానిక్ వాద్యం) స్వరం మొదట్లో గోడ అవతలి నుంచి వినిపిస్తున్నట్టు మూసుకుని ఉండి, చివరికి పూర్తిగా తెరుచుకోవాలి. ఫిల్టర్ అనే అమరికతో పైస్వరాలను మొదట కోసేసి, తర్వాత కొద్దికొద్దిగా వదులుతారు. తెర మీద అదొక వంపు గీత. ఆ గీతను మౌస్‌తో కాస్త పైకి లాగుతాడు, వింటాడు, తల అడ్డంగా ఊపుతాడు, మళ్లీ కిందికి దింపుతాడు. ఆఖరికి రెండు రకాలు వినిపించి అడిగాడు.

"మావయ్యా, ఎక్కడ తెరుచుకుందో చెప్పు."

"రెండోదాంట్లో సగం దగ్గర తెలిసింది. మొదటిదాంట్లో తెలియలేదురా."

"అయితే మొదటిదే ఉంచుతాను."

ఆ జవాబులో ఈ శైలి మొత్తం ఉందని నాకు అనిపిస్తుంది. వినేవాడికి మార్పు తెలియకూడదు, మారిపోయిందని మాత్రం తెలియాలి.

ఆ గదిలో అతనికి ఎక్కువ కాలం పట్టేది కింది స్వరాల దగ్గర. కిక్ అనే డోలు దరువు, బేస్ స్వరం రెండూ ఒకే లోతులో ఉంటాయి. రెండూ ఒకేసారి మోగితే ఒకదాన్నొకటి మింగేసి, పెద్ద స్పీకర్లలో బురదలా వినిపిస్తాయి. అందుకని కిక్ పడిన ప్రతిసారీ బేస్ రెప్పపాటు తగ్గి మళ్లీ లేచేలా కట్టుదిట్టం చేస్తారు. దీన్ని సైడ్‌చైన్ అంటారు. ఈ సంగీతంలో వినిపించే ఊగిసలాట చాలావరకు అక్కడి నుంచి వచ్చేదే. గది చిన్నదైతే కింది స్వరాలు గోడలకు తగిలి అబద్ధం చెబుతాయి కాబట్టి, ఇంట్లో సరిపోయిందనుకున్న ట్రాక్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మా బావ కారులో విని, తర్వాత ఒక స్నేహితుడి జిమ్ములో విని, మళ్లీ వచ్చి దిద్దుకుంటాడు. క్లబ్బులో వినిపించి చూసుకునే అవకాశం ఉన్నవాడికి ఈ తిప్పలు ఉండవు.

పూర్తయిన ట్రాక్ బయటికి వెళ్లే దారి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. సౌండ్‌క్లౌడ్ అనే సంగీత వెబ్‌సైట్‌లో రహస్య లంకె పెట్టి, లేబుల్ నడిపేవాడికి నాలుగు వాక్యాల ఈమెయిల్ రాస్తారు. చాలావాటికి జవాబు రాదు. వచ్చినా విడుదల నెలల తర్వాతే. విడుదలకు ముందు లేబుల్ ఆ ట్రాక్‌ను పేరున్న డీజేలకు పంపుతుంది, వాళ్లలో ఎవరైనా తమ సెట్‌లో, అంటే ఒక పూట వరుసగా వాయించేదాంట్లో, వాయిస్తే అదే నిజమైన విడుదల. మా వాడి ట్రాక్‌ను అర్జెంటీనాలో ఒక డీజే ఆరుబయట పార్టీలో వాయించిన వీడియో ఎవరో పెట్టారు. కింద స్పానిష్‌లో ఇది ఏ ట్రాక్ అని జనం అడుగుతున్నారు. ఆ వీడియోను మా అక్క తన వాట్సాప్ స్టేటస్‌గా పెట్టుకుంది. వీధిలో వాళ్లు అది మన ఆర్కే బీచా అని అడిగారట.

డబ్బు సంగతి చెప్పుకుంటే నవ్వు వస్తుంది. లేబుల్‌తో ఒప్పందం సాధారణంగా ఖర్చులు పోను చెరిసగం. 2024 నుంచి స్పాటిఫైలో పన్నెండు నెలల్లో వెయ్యి వినికిళ్లు దాటని ట్రాక్‌కు రాయల్టీ లేదు. బ్యాండ్‌క్యాంప్ అనే వెబ్‌సైట్‌లో సొంతంగా అమ్ముకుంటే ఆ సంస్థ పదిహేను శాతం, చెల్లింపు రుసుము తీసుకుని మిగతాది ఇస్తుంది, అదే కాస్త నయం. స్వరకర్తల, గేయరచయితల రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్ఎస్ అనే సంఘంలో స్వరకర్తగా సభ్యత్వం తీసుకోమని నేను పోరు పెట్టి తీసుకునేలా చేశాను, ఎందుకంటే 2012లో కాపీరైటు చట్టానికి చేసిన సవరణ తర్వాత స్వరకర్తల రాయల్టీ హక్కుకు బలం వచ్చింది, ఈ రోజు రూపాయి రాకపోయినా పేరు నమోదై ఉండటం మంచిది. ఇవన్నీ కలిపినా ఒక మంచి హెడ్‌ఫోన్ కొనుక్కోవడానికి సరిపోయినంత వస్తే ఆ ఏడాది బాగున్నట్టు లెక్క. ఈ సంగీతానికి అసలు పెట్టుబడిదారు అతని సాఫ్ట్‌వేర్ జీతమే. ఉద్యోగం మానేస్తానని ఒకసారి అంటే మా బావ భోజనం దగ్గర నుంచి లేచిపోయాడు. నేను మా బావ పక్షమే. జీతం ఉన్నంతకాలం నచ్చని పని ఒప్పుకోనవసరం లేదు, ఈ శైలికి అది చాలా అవసరం.

డబ్బంతా వాయించడంలో ఉంది. ఇక్కడే మన ఊరి చిక్కు మొదలవుతుంది.

పాత తరంలో క్రమం వేరుగా ఉండేది. ముందు డీజే అయ్యేవారు, ఏళ్ల తరబడి ఇతరుల రికార్డులు వాయించి, ఏది ఎప్పుడు పనిచేస్తుందో తెలుసుకుని, ఆ తర్వాత సొంత ట్రాకులు చేసేవారు. జాన్ డిగ్వీడ్‌నే తీసుకుందాం. అతనిది ఇంగ్లండు దక్షిణ తీరంలోని హేస్టింగ్స్ అనే చిన్న ఊరు. పెద్ద నగరం కాదు, పేరున్న క్లబ్బు లేదు. సముద్రంలోకి చొచ్చుకుపోయిన, పీర్ అనే ఆ ఊరి వంతెన మీద బెడ్‌రాక్ పేరుతో తనే పార్టీలు పెట్టుకున్నాడు. తన మిక్స్ టేపును రినైసన్స్ నిర్వాహకులకు పంపి అక్కడ చోటు సంపాదించాడు. తర్వాత సాషాతో కలిసి న్యూయార్కులోని ట్విలో క్లబ్బులో నెలకొకసారి రాత్రంతా వాయించేవాడు, 2001లో ఆ క్లబ్బు మూతపడేదాకా అది సాగింది. బెడ్‌రాక్ పేరుతో లేబుల్ పెట్టింది 1999లో, అంటే ఆ పార్టీలు మొదలుపెట్టిన చాలా ఏళ్లకు.

ఇప్పుడు క్రమం తలకిందులైంది. ట్రాకులు చేస్తేనే పేరు, పేరుంటేనే పిలుపు. గదిలో కూర్చుని వందమంది లేబుల్ యజమానులకు రాయగలిగినవాడు, యాభైమంది మనుషుల ముందు రెండు గంటలు నిలబడకుండానే డీజేగా పిలిపించుకోగలుగుతున్నాడు. మా వాడి పరిస్థితీ అంతే. మొదటిసారి క్లబ్బు నుంచి పిలుపు వచ్చేనాటికి అతను పెద్ద యంత్రాలను ముట్టుకోలేదు. పయొనీర్ డీజే వారి సీడీజే 3000 ప్లేయర్లు రెండు, మిక్సరు కలిపితే లక్షల్లో ఉంటుంది కాబట్టి, ఇంట్లో కంప్యూటర్‌కు తగిలించే చిన్న కంట్రోలర్ మీద నేర్చుకుని, ఆ సాయంత్రం క్లబ్బు తెరవకముందే వెళ్లి మీటలు ఎక్కడున్నాయో చూసుకున్నాడు. ఒకే పాటల జాబితాను రెండు పెన్‌డ్రైవ్‌లలో వేసుకుని, ఒకటి జేబులో, ఒకటి సాక్సులో పెట్టుకుని వెళ్లాడు.

మీటలు గంటలో వస్తాయి. శ్రుతి కలపడం కూడా యంత్రం చెబుతుంది. రెండు ట్రాకులను రెండు నిమిషాలపాటు ఒకదాని మీద ఒకటి నడపాలంటే వాటి శ్రుతులు పొసగాలి, దానికి గడియారం ముఖంలా అంకెలు వేసిన పట్టిక ఉంది. ఇవేవీ విద్యలో కష్టమైన భాగాలు కావు. రాత్రి తొమ్మిదికి గదిలో పదిహేనుమంది ఉన్నప్పుడు ఏం వాయించాలి, పదిన్నరకు వందమంది అయ్యాక ఎంత పైకి తీసుకెళ్లాలి, పదకొండున్నరకు ప్రధాన డీజే వచ్చేసరికి ఎక్కడ ఆపి అప్పగించాలి అన్నది కష్టమైన భాగం. దీన్ని వార్మప్ అంటారు. చాలామంది కుర్రాళ్లు దీన్ని చిన్నచూపు చూస్తారు, పోస్టరు మీద పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంటుందని నొచ్చుకుంటారు. నా దృష్టిలో ఈ వృత్తిలో నేర్చుకోదగిందంతా ఆ చిన్న అక్షరాల గంటల్లోనే ఉంది.

హైదరాబాదులో అతని వార్మప్ ఒకటి నేను వెనకవరసలో నిలబడి చూశాను. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఇద్దరం కలిసే వెళ్లాం. నిమిషానికి 116 దరువులతో, దాదాపు స్వరం లేని ట్రాక్‌తో మొదలుపెట్టాడు. జనం ఇంకా బల్లల దగ్గరే ఉన్నారు, మాట్లాడుకుంటున్నారు, మాటలు వినిపించేంత తగ్గించే ఉంచాడు. గంట గడిచేసరికి క్లబ్బు మనిషి ఒకడు దగ్గరికి వచ్చి చెవిలో ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో తర్వాత తెలిసింది, మొదటి బల్లవాళ్లు ఫలానా హీరో పాట అడుగుతున్నారట. మా వాడు చిరునవ్వుతో తల ఊపి, పాట వేయలేదు, కానీ ఒక పని చేశాడు. అంతవరకు అణిచి ఉంచిన డప్పులాంటి తాళపు దరువు ఉన్న ట్రాక్‌ను అందుకుని, దాన్ని మామూలు కంటే త్వరగా పైకి తెచ్చాడు. ఆ బల్లలో ఇద్దరు లేచి ముందుకు వచ్చారు. వాళ్ల వెనక మిగతావాళ్లు వచ్చారు. అడిగిన పాట సంగతి ఎవరూ మళ్లీ ఎత్తలేదు. గదిలో కూర్చుని ఫిల్టర్ గీతలు దిద్దినంత మాత్రాన ఆ తెలివి రాదు.

ఆ రాత్రి అతనికి ముట్టాల్సిన సొమ్ము చేతికందడానికి చాలా నెలలు పట్టింది, అది వేరే కథ. అడ్వాన్సు లేకుండా రైలెక్కవద్దని ఇప్పుడు నియమం పెట్టుకున్నాడు.

ఇలాంటి రాత్రులు నెలకు రెండు మూడు ఉంటే ఏడాదిలో మనిషి మారిపోతాడు. విశాఖలో అవి లేవు. హోటళ్లలో, పబ్బుల్లో సంగీతం ఉంది, అక్కడ వాయించే కుర్రాళ్లలో చురుకైనవాళ్లు ఉన్నారు. కానీ అక్కడికి వచ్చేవాళ్లు తెలిసిన పాట కోసం వస్తారు, నిమిషంన్నరకొకసారి పాట మారాలి. దాన్ని తక్కువ చేసి మాట్లాడను, అది వేరే నైపుణ్యం. ఏడు నిమిషాల ట్రాక్‌ను ఓపికగా వినిపించే చోటు మాత్రం కాదు.

ఆరుబయట పెడదామంటే సమయం దగ్గర ఇరుకు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకరు మోగకూడదు. ఏడాదికి పదిహేను రోజులకు మించకుండా, పండుగలూ సాంస్కృతిక సందర్భాల కోసం అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఆ పదిహేనులో ఒక రోజు ప్రోగ్రెసివ్ హౌస్‌కు దక్కుతుందని ఆశించేంత అమాయకుణ్ణి కాను, దక్కాలని వాదించను కూడా. ఆస్పత్రులు, పరీక్షలకు చదువుకునే పిల్లలు ఉన్న ఊరు ఇది. పదింటికి ఆపేయడమే న్యాయం.

అలాంటప్పుడు పదింటికి ముగించేలా ముందే మొదలుపెట్టాలి. గోవాలో, స్పెయిన్ దీవి ఇబిజాలో సూర్యాస్తమయపు సెట్ అని ఒకటి ఉంటుంది, సూర్యుడు సముద్రంలోకి దిగుతుండగా నిదానమైన సంగీతం వాయిస్తారు, ఈ శైలికి అది కొట్టినపిండి. మన సముద్రం తూర్పున ఉంది. ఇక్కడ సూర్యుడు కొండల వెనక దిగుతాడు, డిసెంబరులో అయితే ఐదున్నర కాకుండానే. ముందు నీళ్లు నల్లబడతాయి, తర్వాత ఆకాశం. భీమిలి రోడ్డులో ఒక మేడ మీద నిలబడి చూస్తే వెలుతురు వెన్ను వైపు నుంచి తగ్గుతూ, ఎదురుగా ఓడల దీపాలు ఒక్కొక్కటే తేలతాయి. గోవా సెట్‌ను తెచ్చి ఇక్కడ వాయిస్తే అతకదని మా వాడి అభిప్రాయం. అక్కడ వెలుగు ఎదురుగా ఉండి నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి సంగీతం తీయగా ఉండవచ్చు. ఇక్కడ చీకటి ఎదురు నుంచి వస్తుంది కాబట్టి మొదటి గంటలోనే కింది స్వరాలకు బరువు ఉండాలి. పౌర్ణమి నాడైతే సరిగ్గా ఆ వేళకే చంద్రుడు నీళ్లలోంచి లేస్తాడు, ఆ రోజు లెక్క మళ్లీ మారుతుంది. ఒక ఊరి తీరు ఆ ఊరి సంగీతంలోకి వచ్చే దారి ఇలాంటిదేనని నాకు అనిపిస్తుంది. వీణ ముక్కనో జానపద గొంతునో తెచ్చి హౌస్ దరువు మీద అతికిస్తే స్థానికత వస్తుందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అది ఎక్కువసార్లు పర్యాటకుల కోసం చేసిన బొమ్మలా తేలుతుంది.

అందుకే అతనికి నేను చెప్పేది ఒక్కటే. ఎవరో పిలిచేదాకా ఆగకుండా, డిగ్వీడ్ తన ఊరి పీర్ మీద చేసుకున్నట్టు, ఇక్కడే సొంతంగా ఒక సాయంత్రం ఏర్పాటు చేసుకోవాలి. ఐదు నుంచి పది దాకా, మధ్యలో మరొకరు లేకుండా అతనొక్కడే వాయించాలి. అలా అయితే వార్మప్ డీజే, ప్రధాన డీజే, ముగింపు డీజే మూడూ అతనే అవుతాడు. ఇతర ఊళ్లలో నాలుగైదు రాత్రుల్లో ముక్కలు ముక్కలుగా నేర్చుకునేది ఒక్క పూటలో ఎదురవుతుంది. వచ్చేది అరవైమందే అయినా పర్వాలేదు. ఇరవైమంది చివరిదాకా ఉంటే చాలు.

డిసెంబరులో ఒక ఆదివారానికి ప్రయత్నం మొదలైంది. భీమిలి రోడ్డులో తెలిసినవారి మేడ దొరికింది. స్పీకర్లు అద్దెకిచ్చేవాడు ఊరేగింపుల అలవాటు కొద్దీ పెట్టె మీద పెట్టె ఎక్కించి ఆరు తెస్తానన్నాడు. రెండు చాలు, వాటికి తోడు కింది స్వరాలకు రెండు సబ్‌వూఫర్లు కావాలి, అవి సముద్రం వైపు కాకుండా గోడ వైపు నుంచి మనుషుల మీదికి రావాలి, పొరుగిళ్ల వైపు అసలు తిరగకూడదు అని అతనికి నచ్చజెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది. డబ్బు తక్కువ వస్తుందని కాదు, ఆరు పెట్టెలు లేకపోతే తన పేరు పోతుందని అతని బాధ. పోలీసు అనుమతికి దరఖాస్తు నేను రాస్తున్నాను, మైకు అనుమతి ఫారాల్లో కార్యక్రమం స్వభావం అన్న చోట "వాద్య సంగీతం" అని రాశాను, అందులో అబద్ధం ఏమీ లేదు. టిక్కెట్టు పెట్టాలా వద్దా అన్నది తేలలేదు. చిన్న మొత్తమైనా పెట్టాలని నా పట్టు, ఎందుకంటే డబ్బిచ్చి వచ్చినవాడు మొదటి గంట ఓపిక పడతాడు.

ఆ మొదటి గంట దగ్గరే మా ఇద్దరికీ ఇంకా పేచీ ఉంది. హైదరాబాదులో పనిచేసిన 116 దగ్గరే మొదలుపెట్టమని నేనంటున్నాను. ఐదు గంటలు చేతిలో ఉన్నాయి కదా, 110 దగ్గర మొదలుపెడతాను, చీకటి పూర్తిగా పడ్డాకే 120 దాటతాను అని అతనంటున్నాడు. 110 అంటే మన జనం కుర్చీల్లోంచి లేవరని నా భయం. లేవనవసరం లేదు మావయ్యా, ఏడింటిదాకా కూర్చోనీ అంటాడు.